వార్త పెరిగింది, సంపాదకుడు తగ్గాడు
వరంగల్ జిల్లా పత్రికల చర్చ: ఒక సమీక్ష

వరంగల్ పత్రికల సంగతి ఎత్తితే చర్చ నాలుగు దారులు పడుతుంది. ఒకరు యజమానుల రాజకీయం దగ్గర మొదలుపెడతారు. ఒకరు జీతం లేని విలేకరి గోస చెప్తారు. కొందరికి ఇనుగుర్తి నుంచి వారపత్రిక వెలువడిన కాలం గుర్తొస్తుంది. ఇంకొందరు, యూట్యూబ్ వచ్చాక పేపరెవరు చదువుతున్నారని తేల్చేస్తారు. ఎవరి మాటా అబద్ధం కాదు. చిక్కల్లా ఎక్కడంటే, అందరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్తున్నామనుకుంటూ వేర్వేరు ప్రశ్నలకు చెప్తున్నారు. జిల్లా వార్తలు ఎన్ని అచ్చవుతున్నాయన్నది ఒక ప్రశ్న. వాటిని ఎవరు ఎంచుతున్నారన్నది ఇంకొకటి. ఎంచేవాళ్ళకూ రాసేవాళ్ళకూ డబ్బు ఎవరిస్తున్నారన్నది మూడోది. నూరేళ్ళలో మొదటిదాని సంగతి బాగా మెరుగుపడింది, రెండోదాని సంగతి దిగజారింది, మూడోది ఎప్పుడూ సాఫీగా లేదు. ఈ మూడింటినీ కలగలిపేయడం వల్లే చర్చ ముడిపడిపోయింది.

ఇనుగుర్తి నుంచి హన్మకొండ దాకా

తెలంగాణ తెలుగు పత్రికలకు 1922 ఆగస్టు ముఖ్యమైన నెల. నల్లగొండ నుంచి షబ్నవీసు వేంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ని, అప్పటి వరంగల్ జిల్లా ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు ‘తెనుగు’ను రోజుల తేడాతో మొదలుపెట్టారు. రెండూ వారపత్రికలే. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ నడిచే నిజాం రాజ్యంలో, కేసముద్రం పక్కనున్న ఒక పల్లెలో తెలుగు అచ్చుయంత్రం పెట్టడమంటే మాటలు కాదు. రాయడం, అచ్చు వేయడం, చందాదారులకు పంపడం అన్నీ ఆ ఇంటి చుట్టూనే జరిగాయి. ఇనుగుర్తి ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. పత్రిక కొన్నేళ్ళే నడిచినా జిల్లా పత్రికల చరిత్ర దానితోనే మొదలవుతుంది.

1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్ నుంచి ‘గోలకొండ’ తెచ్చాక కేంద్రం నగరానికి మళ్ళింది. తెలంగాణలో కవులే లేరన్న నిందకు జవాబుగా 1934లో 354 మంది కవులతో సంచిక వేసిన పత్రిక అది. దానికి రాసేవాళ్ళు జిల్లాల్లో ఉన్నారు, నిర్ణయం మాత్రం హైదరాబాద్‌లో జరిగేది. తర్వాత అన్ని పత్రికలదీ ఇదే పద్ధతి అయింది.

అయినా వరంగల్ పూర్తిగా చేతులెత్తేయలేదు. 1904లోనే హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది కాబట్టి చదివే అలవాటు ముందే ఉంది. దేవులపల్లి రామానుజరావు ‘శోభ’ మాసపత్రిక ఇక్కడి నుంచి వచ్చింది. 1940ల చివర పాములపర్తి సదాశివరావు, పి.వి.నరసింహారావు కలిసి ‘కాకతీయ’ వారపత్రిక నడిపారు, ఇద్దరూ ‘జయ-విజయ’ పేరుతో అందులో రాసేవారు. ఎం.ఎస్.ఆచార్య ‘జనధర్మ’ వారపత్రికను దశాబ్దాల పాటు నడిపి, తర్వాత ‘వరంగల్ వాణి’ దినపత్రికనూ తెచ్చారు. 1966లో వరవరరావు, సాహితీ మిత్రులు మొదలుపెట్టిన ‘సృజన’ 1992 దాకా నిలిచింది. అది వార్తాపత్రిక కాదు, సాహిత్య పత్రిక. కానీ ప్రభుత్వం కొన్ని సంచికలను నిషేధించేంతగా దాని మాట వినపడింది.

వీటిని తలుచుకుని మురిసిపోవడం మనవాళ్ళకు అలవాటైంది. అందులో కొంత అతి ఉంది. వారానికోసారి వచ్చే నాలుగు పేజీల్లో ఏ మండలం వార్త ఎంత పట్టేది? చదివినవాళ్ళు ప్రధానంగా టీచర్లు, వకీళ్ళు, ఉద్యోగులు, రాజకీయ కార్యకర్తలు. ములుగు అడవిలో కోయ గూడెం సంగతి, ఏనుమాముల మార్కెట్లో పత్తి తూకం సంగతి వాటిలో రోజూ వచ్చే అవకాశమే లేదు. వాటిలో ఉన్నదీ, తర్వాత లేకుండా పోయిందీ ఇంకొకటి: పత్రిక మీద పేరున్న మనిషి అదే ఊళ్ళో దొరకడం. ‘జనధర్మ’ రాసిన ముక్క మీద కోపమొస్తే చౌరస్తాలోనే ఆచార్యగారిని నిలబెట్టి అడగొచ్చు.

మినీ వచ్చాక

రామోజీరావు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలుపెట్టారు. జిల్లా పత్రికల కథలో ఆ తేదీ కంటే ముఖ్యమైనవి రెండున్నాయి. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. 1989లో ‘ఈనాడు’ జిల్లాకో టాబ్లాయిడ్ (‘మినీ’) వేసి ప్రధాన పత్రికలో మడిచిపెట్టడం మొదలుపెట్టింది. ఈ రెండింటినీ కలిపి చూసేవాళ్ళు తక్కువ. మండల కేంద్రం అంటే ఒక ఎమ్మార్వో ఆఫీసు, ఒక పోలీస్ స్టేషన్, ఒక మండల పరిషత్తు. అంటే ప్రతి చోటా వార్త పుట్టే ఒక గుమ్మం. ఆ గుమ్మం దగ్గర పత్రిక ఒక కంట్రిబ్యూటర్‌ను నిలబెట్టింది. పాలన ఎంత కిందికి దిగిందో విలేకరి అంత కిందికి దిగాడు.

పాలన ఒక చక్రమైతే, రెండో చక్రం ప్రకటనలది. రాష్ట్రమంతా వెళ్ళే పేజీలో అంగుళం కొనే తాహతు హన్మకొండ చౌరస్తా బట్టల దుకాణానికి ఉండదు. జిల్లా పేజీలో ఉంటుంది. నర్సింగ్ హోములు, ప్రైవేటు స్కూళ్ళు, చిట్‌ఫండ్లు, ఎమ్మెల్యే పుట్టినరోజు శుభాకాంక్షలు ఇలా పేపర్లోకి వచ్చాయి. అంతకుముందు స్థానిక వారపత్రికను నిలబెట్టిన డబ్బులో కొంత ఇదే. జిల్లా ఎడిషన్ రాగానే ఆ డబ్బు హైదరాబాద్ సంస్థల ఖాతాలోకి పోయింది. ఊరి పత్రికల్ని ఎవరూ నిషేధించలేదు, ఎవరూ కొనలేదు. అడుగున నీళ్ళు ఇంకిపోయాయంతే.

మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. 1984లో దాసరి నారాయణరావు పెట్టిన ‘ఉదయం’ 1995లో ఆగింది. 2000లో మూతపడిన ‘ఆంధ్రజ్యోతి’ 2002లో వేమూరి రాధాకృష్ణ చేతుల్లో మళ్ళీ లేచింది. 2008 మార్చిలో ‘సాక్షి’ ఒక్కసారే 23 ఎడిషన్లతో దిగింది, అందులో వరంగల్ ఒకటి. 2011 జూన్‌లో ‘నమస్తే తెలంగాణ’, 2015లో ‘నవ తెలంగాణ’, ‘మన తెలంగాణ’, 2018లో ‘వెలుగు’ వచ్చాయి. వరంగల్ పాఠకుడికి ఇన్ని పేపర్లు ఎన్నడూ లేవు.

జిల్లా పేజీని మెచ్చుకునేవాళ్ళు

ఈ వాదానికి పెద్ద దిక్కు ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ. భారతీయ భాషా పత్రికల విస్తరణపై 2000లో వచ్చిన ఆయన పుస్తకంలో తెలుగు పత్రికలది ముఖ్యమైన చోటు. ఆయన చెప్పేదాని సారం ఇది: తన ఊరి పేరు అచ్చులో చూసుకున్న మనిషి పౌరుడిగా మారతాడు, పత్రిక లాభం కోసమే ఆ పని చేసినా ఫలితం ప్రజాస్వామికమే. ఈ వైపువాళ్ళు వెంటనే చూపించేది నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం. దూబగుంట మహిళలు లేపిన పోరాటాన్ని ‘ఈనాడు’ రోజూ మోసింది, 1993లో రాష్ట్రంలో సారా ఆగింది. హిందీ ప్రాంతాల స్థానిక పత్రికలపై సెవంతి నైనన్ 2007లో రాసిన పుస్తకం కూడా దగ్గర దగ్గర ఇదే చూసింది, కాకపోతే ఆమె అనుమానాలు ఎక్కువ.

వరంగల్‌లోనూ ఈ వాదానికి బలముంది. ఎంజీఎం ఆసుపత్రిలో వెంటిలేటర్ పనిచేయకపోతే, కాకతీయ యూనివర్సిటీ హాస్టల్లో నీళ్ళు రాకపోతే తెల్లారేసరికి అచ్చవుతుంది. కలెక్టర్ ఉదయాన్నే చూసేది జిల్లా పేజీనే. ప్రజావాణిలో అర్జీ పెట్టినదానికంటే పేపర్లో ఫొటో పడితే పని త్వరగా కదులుతుందని జనానికి తెలుసు.

కంచె వేసిందనేవాళ్ళు

మహబూబాబాద్ మిర్చి రైతు గోడు పక్కనున్న ఖమ్మం మిర్చి రైతుకు తెలియదు. ఇద్దరూ ఒకే పత్రిక కొంటారు, చెరో జిల్లా పేజీ చదువుతారు. జిల్లా ఎడిషన్‌పై వచ్చిన విమర్శల్లో నాకు అన్నిటికంటే గట్టిదిగా కనిపించేది ఇదే. వార్త ఎంత ఎక్కువగా స్థానికమైతే అది సమస్యగా కాకుండా సంఘటనగా మిగిలే ప్రమాదం అంత ఎక్కువ.

2016 తర్వాత ఇది ఇంకా ముదిరింది. ఆ అక్టోబర్ 11న పాత వరంగల్ అయిదు జిల్లాలైంది. 2019లో ములుగు విడివడి ఆరయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. జిల్లా గీత ఒకే మహానగర పాలక సంస్థ మధ్యలోంచి పోతోంది. కాజీపేట స్టేషన్, యూనివర్సిటీ ఒకవైపు. కోట, ఎంజీఎం, ఏనుమాముల మరోవైపు. వరదనీళ్ళు ఈ గీతను చూసి ఆగవు, పేజీ మాత్రం ఆగుతుంది. పత్రికల డెస్కులు ఈ పటాన్ని ఎలా మడవాలో తేల్చుకోలేక కొన్నిసార్లు రెంటినీ కలిపాయి, కొన్నిసార్లు విడదీశాయి. ఇంతలో కరోనా వచ్చింది. ప్రకటనలు పడిపోయి, విడిగా వచ్చే మినీలు చాలాచోట్ల ప్రధాన పత్రికలోని పేజీలుగా కుదించుకుపోయాయి. జిల్లాలు పెరిగిన కాలంలోనే జిల్లా పేజీలు తగ్గాయి.

ఎవరి పత్రిక అనేవాళ్ళు

ఈ వాదంలోనే రెండు దశలున్నాయి. మొదటిది ప్రాంతం గురించి. పెద్ద పత్రికల యజమానులు కోస్తా నుంచి వచ్చినవాళ్ళని, తెలంగాణ మాట వాటిలో హాస్యానికో, దొంగ పాత్రకో తప్ప పనికిరాదని, ఉద్యమ వార్త జిల్లా పేజీలోనే మిగిలిపోతోందని రెండు దశాబ్దాల పాటు గట్టిగా విమర్శ సాగింది. 2001లో పుట్టిన తెలంగాణ జర్నలిస్టుల ఫోరం దీన్ని సంఘటితం చేసింది. వరంగల్ జర్నలిస్టులు ఆ పనిలో ముందువరసలో ఉన్నారు. ‘నమస్తే తెలంగాణ’ ఆ ఆకలికి వచ్చిన జవాబు. శీర్షికల్లో, రాతలో ఇక్కడి నుడి కనబడడం నిజంగానే పెద్ద మార్పు.

రెండో దశ రాష్ట్రం వచ్చాక మొదలైంది. ప్రాంతం మనదైనంత మాత్రాన పత్రిక మనదవుతుందా? 2014 జూన్‌లోనే టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానళ్ళను తెలంగాణ కేబుల్ ఆపరేటర్లు ఆపేశారు. నెలల తరబడి అవి కనపడలేదు. అదే ఏడాది సెప్టెంబర్ 9న వరంగల్‌లో కాళోజీ శతజయంతి సభలో ముఖ్యమంత్రి కేసీఆర్, తెలంగాణను కించపరిచే మీడియాను పాతిపెడతామన్న ధోరణిలో మాట్లాడారు. దేశమంతా దుమారం రేగింది. అధికారాన్ని జీవితాంతం ధిక్కరించిన కవి పేరు మీద పెట్టిన సభలో ఆ మాట రావడం వరంగల్ వాళ్ళకు ఇంకా గుచ్చుకునే విషయమే. ఉద్యమంలో ముందున్న కొందరు పాత్రికేయులు కొత్త ప్రభుత్వంలో పదవుల్లోకి వెళ్ళారు. ‘నమస్తే తెలంగాణ’ అధికార పార్టీ వాణిగా స్థిరపడింది, 2023 డిసెంబర్ తర్వాత ప్రతిపక్ష వాణి అయింది. ‘సాక్షి’ యజమాని కుటుంబం నుంచి ఒకరు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ‘ఈనాడు’కు తెలుగుదేశంతో ఉన్న బంధం 1982 నుంచీ రహస్యం కాదు. వీ6 ఛానల్, ‘వెలుగు’ పత్రికల యజమాని గడ్డం వివేక్ 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రి అయ్యారు.

ఇదంతా జిల్లా పాఠకుడికి ఎలా చేరుతుందో చూడాలంటే మేడిగడ్డను చూడాలి. 2023 అక్టోబర్ 21న ఈ బరాజ్ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. చోటు పాత వరంగల్, కరీంనగర్‌ల నుంచి ఏర్పడ్డ జయశంకర్ భూపాలపల్లి జిల్లా, మహదేవపూర్ మండలం. విలేకరి వంతెన మీద నుంచి కళ్ళతో చూడగలిగిన వార్త. ఎన్నికలకు నెల్లాళ్ళ ముందు అది ఒక పత్రికలో చిన్న మరమ్మతు, మరో పత్రికలో మహా కుంభకోణం. తర్వాత డ్యాం భద్రతా సంస్థ నివేదిక వచ్చింది, జస్టిస్ పి.సి.ఘోష్ కమిషన్ కూర్చుంది. ప్రతి నివేదికనూ ఏ పత్రిక ఎలా చదువుతుందో పేరు చూసి ముందే చెప్పేయొచ్చు. రెండు పేపర్లు కొంటే తప్ప ఒక వార్త తెలియదన్న మాట మన దగ్గర చతురోక్తిగా పుట్టి, నిజమై కూర్చుంది.

యజమాని కులం గురించిన విమర్శ కూడా ఈ వాదంలో భాగమే. 1996లో బి.ఎన్.ఉనియాల్ అనే సీనియర్ పాత్రికేయుడు ఢిల్లీలో ఒక దళిత పాత్రికేయుడి కోసం వెతికి దొరకలేదని రాశాక దేశమంతా ఆ ప్రశ్న వచ్చింది. వరంగల్‌లో మండల స్థాయిలో దళిత, బీసీ, ఆదివాసీ విలేకరులు చాలామందే ఉన్నారు. డెస్కులో పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతారు. యజమాని కుర్చీలో అసలు కనపడరు.

రాసేవాడి కూలి

చర్చలో అన్నిటికంటే తక్కువ మాట్లాడేదీ, అన్నిటికంటే ఎక్కువ తేల్చేదీ ఇదేనని నా అంచనా. జిల్లా పేజీని నింపేది కంట్రిబ్యూటర్. ఆయనకు జీతం ఉండదు. అచ్చయిన వార్త కొలత మీద లెక్కగట్టే కొద్దిపాటి మొత్తం, ప్రకటన తెస్తే కమీషన్. విలేకరి పని తన ప్రవృత్తే తప్ప జీవనాధారం కాదని సంతకం పెట్టించుకోవడం చాలా సంస్థల్లో మామూలే. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం, 2011లో నోటిఫై అయి 2014లో సుప్రీంకోర్టు సమర్థించిన మజీఠియా వేతన సిఫారసులు ఆ సంతకం దగ్గరే ఆగిపోయాయి.

కంట్రిబ్యూటర్‌కు మిగిలేవి ఏమిటి? అక్రిడిటేషన్ కార్డు, బస్‌పాసు, ఇళ్ళ స్థలం మీద ఆశ, స్టేషన్లో కుర్చీ. వీటిలో ఏదీ పత్రిక ఇచ్చేది కాదు, ప్రభుత్వం ఇచ్చేదే. ఇళ్ళ స్థలాల సంగతైతే 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు హైదరాబాద్ నగర పరిధిలో ఎంపీలు, ఎమ్మెల్యేలు, జడ్జీలతో పాటు జర్నలిస్టుల సొసైటీలకిచ్చిన కేటాయింపులనూ కొట్టేసింది. జిల్లాల్లో ఎదురుచూసేవాళ్ళకు దాని అర్థం ఇంకా తేలలేదు. దసరాకో, ఎన్నికలకో యాజమాన్యం యాడ్ టార్గెట్ పెడుతుంది. ఆ టార్గెట్ పూర్తి చేయాల్సింది నిన్న ఎవరి మీద వార్త రాశాడో ఆ రైస్‌మిల్లు ఓనరు దగ్గరే, ఆ సర్పంచ్ దగ్గరే. ఇక్కడ నీతి గురించి ఉపన్యాసం అనవసరం, లెక్క చూస్తే చాలు.

2009 ఎన్నికల్లో డబ్బిచ్చి వార్తలు వేయించుకున్న తీరుపై ఆంధ్రప్రదేశ్ పాత్రికేయుల యూనియనే సర్వే చేసింది. పరంజయ్ గుహా ఠాకుర్తా, కె.శ్రీనివాసరెడ్డి ప్రెస్ కౌన్సిల్‌కు ఇచ్చిన 2010 నివేదికలో ఆ సాక్ష్యం ఉంది. కౌన్సిల్ ముందు పూర్తి నివేదికను బయట పెట్టలేదు, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం వచ్చాకే 2011లో పెట్టింది. ఆ నివేదిక తేల్చిన ముఖ్యమైన విషయం, తప్పు కింది విలేకరిదేనని చెప్పి తప్పించుకునే దారి యాజమాన్యాలకు లేదన్నది. ధరల పట్టిక పైనుంచే వచ్చింది.

2008 డిసెంబర్

డిసెంబర్ 10న వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. ముగ్గురు యువకులను పోలీసులు పట్టుకున్నారు. 13వ తేదీన ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. విద్యార్థులు పూలు చల్లారు, అప్పటి ఎస్పీని ఎత్తుకున్నారు, ఆ ఫొటోలు పేపర్లలో పెద్దగా వచ్చాయి. పౌరహక్కుల సంఘాలు అడిగిన ప్రశ్నలకు దొరికిన చోటు చిన్నది. పదకొండేళ్ళ తర్వాత 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలోనూ నిందితులు అలాగే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది.

ఈ ఉదాహరణ విలేకరులను తప్పుపట్టడానికి ఎత్తలేదు. వాళ్ళు జరిగింది రాశారు, జనం సంబరపడ్డ మాట నిజమే. ఆలోచించాల్సింది పేజీ నిర్మాణం గురించి. జిల్లా పేజీలో వార్త ఉంటుంది, ఫొటో ఉంటుంది, ప్రకటన ఉంటుంది, ‘నేడు జిల్లాలో’ ఉంటుంది. సంపాదకీయం ఉండదు. ఊరంతా ఒకవైపు మొగ్గినప్పుడు ఆగండి అని చెప్పే గడి ఆ పేజీలో గీయనే లేదు. ఆ పని చేయగలిగిన స్థానిక పత్రికలు అప్పటికి పోయాయి.

చెక్ దేశంతో పోలిస్తే

యజమాని-నాయకుడు అన్న జబ్బు మనకే ఉందనుకుంటాం. మధ్య యూరప్‌లోని చెక్ రిపబ్లిక్ చూస్తే ఆ అపోహ పోతుంది. 1989లో కమ్యూనిస్టు పాలన పడిపోయాక అక్కడి పత్రికల్లో ఎక్కువ భాగాన్ని విదేశీ సంస్థలు, ముఖ్యంగా జర్మన్ ప్రచురణకర్తలు కొన్నారు. జర్మనీలోని పస్సావు నగరం కంపెనీ ఒకటి ప్రాంతీయ దినపత్రికల్లో దాదాపు అన్నిటినీ పోగుచేసి, 2006లో ‘డెనిక్’ అన్న ఒకే పేరు కిందికి తెచ్చింది. డెబ్బై దాకా స్థానిక ఎడిషన్లు, ఒకే యజమాని. మన మినీ లెక్కే.

2013లో ఆగ్రోఫెర్ట్ అధిపతి ఆంద్రే బాబిష్ రెండు పెద్ద దినపత్రికలున్న మఫ్రా సంస్థను కొన్నాడు. మరుసటి ఏడాది ఆర్థిక మంత్రి, 2017లో ప్రధాని. 2015లో ‘డెనిక్’ సంస్థ కూడా పెంటా అనే పెట్టుబడి కంపెనీ చేతికి పోయింది. జర్మన్లు ఉన్నప్పుడు పరాయివాళ్ళ చేతిలో పత్రికలా అని బాధపడ్డవాళ్ళే, స్వదేశీ కుబేరులు వచ్చాక ఆ పాత రోజులే నయమన్నారు. తెలంగాణలో 2014కు ముందూ తర్వాతా జరిగిన చర్చకు ఇది చాలా దగ్గర.

తేడాలు రెండున్నాయి, రెండూ మనకు పనికొచ్చేవే. అక్కడ 2017లో మంత్రులు మీడియా సంస్థల యజమానులుగా ఉండకూడదని చట్టం సవరించారు. బాబిష్ వాటాలను ట్రస్టుల్లోకి మార్చి కొన్నాళ్ళు గడిపినా, 2023లో మఫ్రా చేతులు మారింది. మన దగ్గర టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 ఆగస్టులో ఇలాంటి సిఫారసే చేసింది, చట్టం రాలేదు. రెండోది, బాబిష్ కొన్న పత్రికల నుంచి బయటికి వచ్చిన పాత్రికేయులు కొత్త పత్రికలు పెట్టారు. 2018లో మొదలైన ‘డెనిక్ ఎన్’ను చందాదారులు నిలబెట్టారు. కోటిమంది దాటిన చిన్న దేశంలో అది సాధ్యమైంది. కాని గమనించాలి: ఆ కొత్త పత్రికలన్నీ రాజధాని ప్రాగ్‌లోనే పుట్టాయి. చిన్న ఊళ్ళకు అక్కడా కొత్త పత్రిక రాలేదు.

ఫోన్‌లో జిల్లా

ఇప్పుడు పొద్దున ఆరింటికల్లా అన్ని పేపర్ల జిల్లా పేజీలూ పీడీఎఫ్‌లుగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. కొనేవాడు తగ్గాడు, చదివేవాడు తగ్గలేదు. మండలానికో యూట్యూబ్ ఛానల్, ఊరికో లోగో ఉన్న మైకు వచ్చాయి. పొట్టి వార్తల యాప్‌లు ఊరి స్థాయికి దిగాయి.

దీన్ని విముక్తి అనేవాళ్ళున్నారు, అరాచకం అనేవాళ్ళున్నారు. విముక్తి వాదానికి బలం, డెస్కు ఆపేసిన వార్త ఇప్పుడు ఆగదు. మేడారం జాతరలో భక్తుల ఇబ్బంది ఫోన్‌లోంచే ముందు బయటికొస్తుంది. అరాచక వాదానికీ బలముంది: మైకు పట్టుకుని క్వారీ దగ్గర డబ్బు అడిగేవాళ్ళ బెడద నిజం. ఈ రెండో వాదాన్ని ప్రభుత్వాలు తమకు అనువుగా వాడుకుంటున్నాయి. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఒక యూట్యూబ్ ఛానల్ మహిళా జర్నలిస్టులిద్దరిని అరెస్టు చేసినప్పుడు, అసలు జర్నలిస్టెవరో తేల్చాలన్న మాటే పాలకుల నోట వినపడింది. 1867 నాటి చట్టం పోయి 2024 మార్చిలో అమల్లోకి వచ్చిన పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం అచ్చు పత్రికల గురించే. ఊరి యూట్యూబర్‌కు అటు రక్షణా లేదు, ఇటు బాధ్యతా లేదు.

పక్కపక్కన పెడితే

విస్తరణ వాదం పరిమాణాన్ని చూస్తుంది. ఆ కొలతలో దాన్ని ఓడించలేం, ఇనుగుర్తి కాలంతో పోలిస్తే ఇవాళ ఒక్క రోజు జిల్లా పేజీలో వచ్చే ఊళ్ళ పేర్లే ఎక్కువ. కంచె వాదం పరిధిని చూస్తుంది. జిల్లాలు చిన్నవైనకొద్దీ దాని బలం పెరిగింది. యాజమాన్య వాదం రాష్ట్ర స్థాయి వార్తలను బాగా వివరిస్తుంది. కాని వీధిలైటు, పింఛను, తాగునీటి వార్తల్లో పార్టీ తేడా అంతగా కనపడదన్న సంగతిని వదిలేస్తుంది. కూలి వాదం ఆ వదిలేసినదాన్నే పట్టుకుంటుంది: రైస్‌మిల్లు మీద, ఇసుక లారీ మీద, ప్రైవేటు ఆసుపత్రి మీద ఏ పార్టీ పత్రికలోనూ ఎందుకు గట్టి వార్త రాదో చెప్పగలిగేది అదొక్కటే. డిజిటల్ వాదం రెండు వైపులా కొత్తది ఏమీ చెప్పడం లేదని నా అభిప్రాయం. జీతం లేని రాతగాడు, ప్రకటనకోసం తిరిగే రాతగాడు పేపర్లోంచి ఫోన్‌లోకి మారాడు, అంతే.

ఇక స్థానిక సంపాదకుడు కావాలన్న మాట ఏ శిబిరానిదీ కాదు. విస్తరణవాదులకు అది పాతకాలపు బెంగ, యాజమాన్యవాదులకు చిన్న విషయం. కాని 2008 డిసెంబర్ లాంటి రోజుల్లో లోటు అక్కడే తెలిసింది.

ఇంకా తేలనివి

ఊరి పత్రికను ఎవరు పోషించాలన్నది మొదటి చిక్కు. చందాతో నడవాలంటే వరంగల్ నగరంలో పాఠకులు సరిపడా ఉన్నారు, డబ్బిచ్చి చదివే అలవాటే లేదు. ప్రభుత్వ ప్రకటనలతో నడిచే చిన్న పత్రికలు ఇప్పటికే ఉన్నాయి. వాటిలో కొన్ని ప్రకటన ఉన్న రోజునే అచ్చవుతాయని ఆ రంగంలోవాళ్ళే ఒప్పుకుంటారు. వరంగల్‌లో ఆకాశవాణి కేంద్రం ఉంది. ప్రజల సొమ్ముతో నడిచే స్థానిక మాధ్యమంగా దాన్ని జిల్లా వార్తలకు ఎందుకు వాడుకోలేదో ఈ చర్చలో ఎవరూ అడగలేదు.

కంట్రిబ్యూటర్‌ను ఉద్యోగిగా చూడాలా, స్వతంత్ర రాతగాడిగా చూడాలా అన్నది రెండోది. యూనియన్లలోనే దీనిపై ఒక మాట లేదు. ఉద్యోగిగా గుర్తిస్తే సంస్థలు మండలాల నుంచి చేతులు దులుపుకుంటాయన్న భయం ఊరికే పుట్టింది కాదు.

అన్నిటికంటే మొండిది ఆధారాల కొరత. ‘గోలకొండ’ పాత సంచికలు డిజిటల్ రూపంలో దొరుకుతున్నాయి, ‘ఆంధ్రపత్రిక’ దొరుకుతుంది. 1989 తర్వాతి జిల్లా ఎడిషన్ల సంగతి వేరు. ఏ లైబ్రరీకైనా వచ్చేది ఆ ఊరి ఎడిషన్ ఒక్కటే. వరంగల్ లైబ్రరీలో ఖమ్మం మినీ ఉండదు, ఖమ్మంలో వరంగల్‌ది ఉండదు. మినీ ప్రజాస్వామ్యాన్ని పెంచిందా, కంచె వేసిందా అని నిజంగా తేల్చాలంటే ఒకే రోజు అన్ని జిల్లాల పేజీలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఆ పని ఇప్పటిదాకా ఇరువైపులవాళ్ళూ తలా ఒక జిల్లా చూసి చేస్తున్నారు.